సొంతంగా కట్టిన పీస్‌తో పియానో పోటీకి పోవచ్చునా? హిందోళం, 96 బార్లు, 4 నిమిషాల హద్దు

కొండారెడ్డిబురుజు (కర్నూలు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా దగ్గర నేర్చుకునే పిల్లోడు ఒకడు, 13 ఏళ్లు, అయిదో గ్రేడు స్థాయి. హిందోళ రాగంలో సొంతంగా ఒక పీస్ కట్టినాడు. హైదరాబాదులో జరిగే ఒక పియానో పోటీలో దాన్నే వాయిస్తానని పట్టుబట్టినాడు. నిబంధనల్లో ఉండేది ఇంతే: రెండు పీసులు, రెండూ వేర్వేరు శైలుల్లో ఉండాల, ఒక్కోటి 4 నిమిషాలు దాటకూడదు, స్కోరు (పీస్ రాసిన నొటేషన్) మూడు కాపీలు ఇయ్యాల. సొంతది వాయించొచ్చనీ లేదు, కూడదనీ లేదు.

వివరాలు: 61 మెట్ల కీబోర్డు మీద కట్టింది. 4/4 తాళం, టెంపో 96 (నిమిషానికి 96 దెబ్బలు), మొత్తం 96 బార్లు (బార్ అంటే 4 దెబ్బల గడి). మొదటి భాగం 16, రెండోది 24, నడిమి భాగం 32, మొదటిది మళ్లీ 16, ముగింపు 8. ఎడమచేతిలో సి మైనర్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్ కార్డులు (ఒకేసారి కొట్టే మూడు స్వరాల గుంపులు) తిరుగుతుంటాయి. చివరి నాలుగు బార్లు బాగా నిదానిస్తాడు.

కీబోర్డు నుంచి మిడి ఫైలు (ఏ మెట్టు ఎప్పుడు నొక్కినాడో రాసుకునే ఫైలు) తీసి, నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూస్‌స్కోర్‌లో తెరిస్తే పేజీ నిండా చిన్న చిన్న విరామాలు, ముళ్లకంప మాదిరి టై గీతలు (రెండు నోట్లను కలిపే వంకర గీతలు). పైగా స్కోరులో మూడు ఫ్లాట్లు వచ్చినాయి, వాడు వాయించేదేమో అంతా తెల్లమెట్ల మీదనే. ఇది ఎట్ల అయింది? ఇంకొకటి, హిందోళం అని చెప్తున్నాడు గానీ వింటే కొన్నిచోట్ల హిందోళం మాదిరి లేదు. ఎక్కడ తప్పుతోందో పట్టుకోలేకపోతున్నాము.

---

టవర్‌క్లాక్ (అనంతపురం)

ముందు నిబంధన సంగతి. రాయలేదు కాబట్టి వాయించొచ్చు అనుకోవద్దు. నిర్వాహకులకు మెయిల్ పెట్టి, రాతలో జవాబు తెప్పించుకోండి. ఫోన్లో 'సరే' అన్నది పోటీ రోజు బల్ల దగ్గర కూర్చున్న మనిషికి తెలియదు. మెయిల్లో మూడే అడగండి: సొంత కంపోజిషన్ ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే 'వేర్వేరు శైలులు' అనే లెక్కలో దాన్ని ఏ శైలి కింద వేస్తారు, హాల్లో ఉండేది గ్రాండా (అడ్డంగా పరుచుకున్న పెద్ద పియానో), నిలువుగా ఉండే అప్‌రైటా, డిజిటలా. మూడోది ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది గానీ పీస్‌ను సగం మార్చేది అదే.

పోటీలు అన్నీ ఒక తీరున ఉండవు. వార్సాలో జరిగే షోపాన్ పోటీలో షోపాన్ తప్ప వేరే ఏదీ వాయించకూడదు, కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే లేదు. బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ పోటీ ఫైనల్‌కు అచ్చు కాని కొత్త పీస్ ఇచ్చి వారంలో నేర్చుకోమంటారు, కానీ అది వేరేవాళ్లు రాసింది. పాతకాలంలో ఇంత ఖచ్చితంగా విడదీయలేదు. 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన రూబిన్‌స్టీన్ పోటీలో పియానోకు, కంపోజిషన్‌కు రెండు బహుమతులు పెట్టినారు. బుసోనీకి వచ్చింది కంపోజిషన్ బహుమతి, పియానో బహుమతి దుబాసోవ్‌కు పోయింది.

పోటీలో కాదంటే ఇంకో దారి ఉంది. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్లు పెట్టే గ్రేడ్ పరీక్షల్లో మూడు పీసుల్లో ఒకదాని బదులు సొంత కంపోజిషన్ వాయించనిస్తారు. ఆ గ్రేడుకు పెట్టిన పీసులంత కష్టంగా ఉండాల. స్కోరు పరీక్ష మొదట్లోనే ఎగ్జామినర్ చేతికి ఇయ్యాల. అయిదో గ్రేడు వరకు లీడ్‌షీట్ (పాట వరస, కార్డుల పేర్లు మాత్రమే ఉండేది) మాదిరి రాసినా నడుస్తుంది, ఆరు నుంచి ఎనిమిది వరకు పూర్తి స్టాఫ్ నొటేషన్ కావాల. ఒక్కో పీస్‌కు 22 మార్కులు, అవి వాయించిన తీరుకు. రాసింది ఒకటి వాయించింది ఒకటి అయితే కోత పడుతుంది. మీవాడికి మొదటి మెట్టుగా అదే మేలని నా లెక్క. దరఖాస్తు వేసే ముందు ఆ ఏడాది సిలబస్ ఒకసారి చూసుకోండి.

ఇక టైము. 96 బార్లు × 4 దెబ్బలు = 384. దాన్ని 96తో భాగిస్తే సరిగ్గా 4 నిమిషాలు. అంటే నిదానించకముందే హద్దు మీద నిలబడినారు. చివరి నాలుగు బార్లలో 16 దెబ్బలు, మామూలుగా 10 సెకన్లు. సగం వేగానికి దించితే అదే 20. ఆఖరి నోటు మీద నిలిచేది ఇంకో 5. మొత్తం 4 నిమిషాల 15 సెకన్లు. గంట కొట్టి ఆపితే ముగింపే పోతుంది.

టెంపో పెంచి సర్దుదామని చూడొద్దు. 104కి పెంచితే 384 దెబ్బలు దాదాపు 3:42 అవుతాయి, నిదానించేది కలిపితే మళ్లీ 4 దగ్గరికే వస్తుంది, పైగా వేగమైన చోట్ల వేళ్లు తడబడతాయి. కోయాల్సింది బార్లనే. ఈ టెంపోలో 8 బార్లంటే 20 సెకన్లు. నడిమి భాగం 32లో 8, తిరిగి వచ్చే మొదటి భాగం 16లో 4 తీసేయండి. 84 బార్లు, 336 దెబ్బలు, 3:30. నిదానం, ఆఖరి నోటు కలిపితే 3:45. ఆ 15 సెకన్లు అట్లనే ఉండనీయండి, కొత్త హాల్లో కుర్రోళ్లు ఎప్పుడు ఎట్ల వాయిస్తారో చెప్పలేము.

---

పెన్నాగట్టు (కడప)

మూడు ఫ్లాట్ల చిక్కు తేలికే. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ చూడండి, ప్లస్ 3లో ఉండి ఉంటుంది. హిందోళం స్వరాలు స, గ2, మ1, ద1, ని2. సడ్జమం ఎ మీద పెట్టుకుంటే ఎ, సి, డి, ఎఫ్, జి, అన్నీ తెల్లమెట్లే. పిల్లోడు దాన్ని వేళ్లకు పట్టించుకుని, శ్రుతి కోసం బటన్‌తో మూడు మెట్లు (నల్లవి కూడా లెక్కేసి) పైకి జరిపినాడు. వినపడేది సి హిందోళం. చానా కీబోర్డులు మిడి బయటికి పంపేటప్పుడు వినపడే స్వరాన్నే పంపుతాయి. అందుకే స్కోరులో సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్ వచ్చినాయి.

పియానోకు ఆ బటన్ ఉండదు. ఇప్పుడు రెండే దారులు. ఒకటి, వేళ్లు మార్చి సిలోనే కొత్తగా నేర్పేది. రెండోది, వేళ్లు అట్లనే ఉంచి స్కోరును ఎలోకి దించేది. పోటీకి రెండు మూడు నెలలు లేకపోతే రెండోదే చేయండి. అట్ల చేస్తే అంతా మూడు మెట్లు కిందికి వినపడుతుంది. కుడిచేతికి ఇబ్బంది లేదు. ఎడమచేతిలో మధ్య సికి ఒక ఆక్టేవ్ కింద దగ్గర దగ్గరగా మూడు నోట్ల కార్డులు ఉంటే మాత్రం పెద్ద పియానో మీద బురద మాదిరి మోగుతాయి. అక్కడ నడిమి నోటు తీసి కుడిచేతి వైపు ఇయ్యండి, లేదా ఉట్టి ఆక్టేవ్‌గా మార్చండి.

ఇంక ఆ ముళ్లకంప. మిడి ఫైలు వేలు దిగిన క్షణం, లేచిన క్షణం రాసుకుంటుంది. పెడల్ తొక్కింది వేరే సందేశంగా పోతుంది. అందుకే పెడల్ మీద మోగుతున్న నోటు కూడా స్కోరులో పొట్టిగా పడి, వెనకాల విరామం వస్తుంది. రవంత ముందో వెనకో పడిన నోటుకు టై వచ్చేస్తుంది. శుభ్రం చేయడం కంటే 84 బార్లు చేత్తో ఎక్కించేది మేలు. రోజుకు 12 బార్లు అనుకున్నా వారంలో అయిపోతుంది, పిల్లోడికి నొటేషన్ కూడా వస్తుంది. పక్కన కూర్చొని వాడితోనే ఎక్కించండి.

ఎక్కించేటప్పుడు గుర్తుండాల్సినవి: మొదటి బార్ మీద టెంపో అంకెతో సహా, ప్రతి వరస మొదట బార్ నంబరు, పెడల్ తొక్కేది వదిలేది, గట్టిగా మెల్లగా గుర్తులు, కష్టమైనచోట మాత్రం వేళ్ల నంబర్లు. పైన కుడిపక్క కంపోజర్ పేరు. కొన్ని పోటీల్లో పేరు కనపడకుండా ఇమ్మంటారు, అది కూడా మెయిల్లో అడిగేయండి. వరసకు 4 బార్లు పెడితే 84కు 21 వరసలు, పేజీకి అయిదు చొప్పున నాలుగు పేజీలు నిండి ఒకటి మిగులుతుంది. ఆ ఒక్క వరస కోసం అయిదో పేజీ పెట్టొద్దు, ఆఖరి పేజీలో ఆరు కుదించండి. రెండో పేజీ చివర కుడిచేతికి ఒక బార్ విరామం పడేట్టు చూసుకుంటే తిప్పుకోను వీలుంటుంది.

---

కొండారెడ్డిబురుజు (కర్నూలు)

పెన్నాగట్టు అన్నా, నిజమే, ట్రాన్స్‌పోజ్ ప్లస్ 3లోనే ఉంది. స్కోరు ఎలోకి దించుతాము. టవర్‌క్లాక్ సార్ చెప్పినట్టు 84 బార్లకు కోస్తాము, మెయిల్ ఈ రోజే పెడతాము. హిందోళం సంగతి ఎవరైనా చెప్పండి.

---

సప్తతాళం (ప్రొద్దుటూరు)

తప్పు ఎడమచేతిలో ఉంది. ఇప్పుడు ఎలోకి దించుతారు కాబట్టి ఎలోనే చెప్తా. మీ మూడు కార్డులు ఎ మైనర్, ఎఫ్, జి అవుతాయి. ఎ మైనర్‌లో ఎ, సి, ఇ. ఆ ఇ అనేది పంచమం. జి కార్డులో జి, బి, డి. ఆ బి చతుశ్రుతి రిషభం. హిందోళంలో లేనివే ఆ రెండు స్వరాలు, రిషభం, పంచమం. కుడిచేయి ఎంత శుద్ధంగా పోయినా ఎడమచేయి బార్‌కు ఒకసారి వాటిని గుద్దుతా ఉంది. వినేవాళ్లకు అది మైనర్ స్కేల్లో సినిమా పాట తీరుగా వినపడేది అందుకే.

ఎఫ్ కార్డు చిక్కు ఇంకో రకం. ఎఫ్, ఎ, సి మూడూ హిందోళంలో ఉండేవే. కానీ ఎఫ్ అంటే దైవతం. హిందోళం దైవతాన్ని సడ్జమంగా పట్టుకుంటే వచ్చేది మోహనం, గ్రహభేదం (రాగంలో వేరే స్వరాన్ని సడ్జమంగా పట్టుకునేది) నేర్చుకున్నవాళ్లకు తెలిసిందే. ఎఫ్, జి, ఎ, సి, డి. కాబట్టి బాస్‌లో ఎఫ్‌ను రెండు బార్లు నిలబెడితే వినేవాళ్ల చెవి సడ్జమాన్ని అక్కడికి మార్చేసుకుంటుంది, పైన ఉండేది మోహనం అయిపోతుంది. ఎఫ్ వాడొద్దని కాదు. నిలబెట్టొద్దు, ఒకటి రెండు దెబ్బలు పోనిచ్చి ఎ మీదికి రండి. నడిమి భాగంలో కావాలనే ఒక 8 బార్లు మోహనంలోకి జారి వెనక్కి వస్తే మాత్రం అది తెలివైన పని, జడ్జీల్లో కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లుంటే గుర్తుపడతారు కూడా.

హిందోళంలో పూర్తి త్రికం (మూడు స్వరాల కార్డు) కట్టగలిగేది రెండే: ఎఫ్ మేజర్, డి మైనర్. సడ్జమం మీద కట్టే ఇంటి కార్డు అసలు దొరకదు. అందుకని మూడో స్వరం, మూడో స్వరంగా పేర్చే కార్డులు వదిలి నాలుగో స్వరం, నాలుగో స్వరంగా పేర్చండి (ఎ, బి, సి, డి అని లెక్కేస్తే ఎకు నాలుగోది డి): ఎ-డి-జి, డి-జి-సి, జి-సి-ఎఫ్. మూడూ రాగం లోపలే ఉంటాయి, మేజరూ కాదు మైనరూ కాదు. కింద ఎ ఆక్టేవ్‌ను తంబూరా మాదిరి ఉంచి, దాని మీద వీటిని మార్చండి. మధ్యమ శ్రుతి వేసినట్టు ఎ, డి కలిపి కింద ఆనించినా బాగుంటుంది. ముగింపులో జి నుంచి ఎకు, అంటే నిషాదం నుంచి సడ్జమానికి, రెండు చేతులూ ఒకే స్వరంగా వచ్చి ఆగితే కార్డు అవసరమే లేదు.

గమకాల గురించి: పియానోలో స్వరానికి స్వరానికి మధ్య ఏమీ లేదు, ఊగించలేము. కాబట్టి అన్నిచోట్లా ఊగించినట్టు చూపించబోతే చవకగా ఉంటుంది. ఒక్క నోటు ముందు తాకించి వదిలే చిన్న నోటు, అది కూడా మధ్యమం మీద, దైవతం మీద, 8 బార్లకు రెండుమూడు సార్లు చాలు. అదీ స్కోరులో చిన్న సైజు నోటుగా రాయాల. చేత్తో వేసి రాతలో లేకపోతే జడ్జీకి అది తప్పు నోటు.

---

నల్లమెట్టు (కడప)

పై ముగ్గురూ చెప్పింది సరే గానీ, నాకైతే పోటీలో ఇది వద్దనే అనిపిస్తుంది. బాగలేదని కాదు. తెలిసిన పీస్ అయితే జడ్జీ మనసులో పది మంది వాయించినది ఉంటుంది, దాంతో పోల్చి మార్కు వేస్తాడు. సొంతదానికి ఆ కొలబద్ద లేదు. తప్పు పోయినా తెలియదు అనుకుంటారు పిల్లోళ్లు. తెలుస్తుంది, చేతిలో స్కోరు ఉంది. ఇంకో ప్రమాదం ఏమంటే, సొంత పీస్‌లో ఒకచోట మరచిపోతే అక్కడికక్కడ అల్లేస్తారు, అది అలవాటు. ఆ అల్లిక బాగున్నా స్కోరుకు దూరం. కాబట్టి పోటీకి నాలుగు వారాల ముందే పీస్‌ను గట్టిగా ముడేయాల. ఫైలు పేరులో తేదీ పెట్టి, ఆ తర్వాత ఒక్క నోటు కూడా మార్చకూడదు. ప్రతి 8 బార్లకు ఒకచోట నుంచి కళ్లు మూసి మొదలుపెట్టగలగాల. 1, 9, 17 అని వరసగా కాదు, 57 అంటే 57 నుంచి.

అయినా పోతామంటే, పీస్‌లో వాయించే చేతికి పని పెట్టండి. మీరు రాసిన లెక్కన కుడిచేయి పాట, ఎడమచేయి కార్డులు. మన దగ్గర చర్చీల్లో, పెళ్లి బ్యాండుల్లో కీబోర్డు నేర్చుకున్న చేతులకు ఇదే వస్తుంది, తప్పేం లేదు, కానీ జడ్జీ చూడాలనుకునేవి అందులో లేవు. నడిమి భాగంలో ఒక 8 బార్లు పాటను ఎడమచేతికి ఇచ్చి కుడిచేయి పైన మెల్లగా పోవాల. ఒకచోట పెడల్ అసలు లేకుండా విడివిడి నోట్లు, వెంటనే పెడల్‌తో కలిపిన వరస. ఒకచోట బాగా మెల్లగా.

కీబోర్డు నుంచి పియానోకు పోయేటప్పుడు దెబ్బ తగిలేది మెట్ల బరువు దగ్గర. తేలిక మెట్ల మీద మెల్లగా అనుకున్నది పియానో మీద అసలు మోగకుండా పోతుంది, సుత్తి తీగను తాకదు. ఇంకోటి, ఒకే నోటును వేగంగా మళ్లీ మళ్లీ కొట్టే చోట్లు. గ్రాండ్‌లో మెట్టు పూర్తిగా పైకి లేవకముందే రెండోసారి కొట్టొచ్చు, పియానోలు చేసే ఎరార్ 1821లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది. అప్‌రైట్‌లో ఆ సౌకర్యం లేదు, మెట్టు దాదాపు పూర్తిగా లేవాల. టెంపో 96లో పదహారో నోట్లుగా ఒకే స్వరం కొట్టాలంటే సెకనుకు 6.4 సార్లు. హాల్లో అప్‌రైట్ అని తెలిస్తే ఆ చోట్లలో రెండు స్వరాల మధ్య మార్చి కొట్టేట్టు తిరగరాయండి. అప్‌రైట్ నడిమి పెడల్ కూడా చానావాటిలో శబ్దం తగ్గించి సాధన చేసుకోను పెట్టిన బట్ట మాత్రమే, నోటును పట్టి ఉంచే పెడల్ అనుకుని రాసుకోవద్దు.

పెడల్ గురించి ఇంకో మాట. చవక కీబోర్డు పెడల్‌కు తొక్కింది, వదిలింది, రెండే తెలుసు. పియానోలో సగం తొక్కొచ్చు. పూర్తిగా తొక్కి రెండు బార్లు పోతే హాల్లో అంతా కలిసిపోతుంది. ఎ ఆక్టేవ్ కింద తంబూరా మాదిరి ఉంచాలన్నారు గదా, అప్పుడు ప్రతి సగం బార్‌కు పెడల్ మార్చి, ఆ ఎను మళ్లీ కొట్టేట్టు రాసుకోండి.

---

సప్తతాళం (ప్రొద్దుటూరు)

నల్లమెట్టు గారూ, కొలబద్ద లేదనేది ఒప్పుకుంటా, వద్దనేది ఒప్పుకోను. రెండు పీసులు అడిగినారు గదా. మొదట ఒక క్లెమెంటీ సొనటీనా భాగమో, బాఖ్ ఇన్వెన్షనో శుభ్రంగా వాయిస్తే పిల్లోడి చేతి సత్తా అక్కడ తెలిసిపోతుంది. రెండోది సొంతది. ముందే సొంతదానితో మొదలుపెడితేనే మీరు చెప్పిన అనుమానం వస్తుంది. రెండూ ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో లేకుండా చూసుకుంటే 'వేర్వేరు శైలులు' అనే నిబంధన కూడా తీరిపోతుంది.

---

కొండారెడ్డిబురుజు (కర్నూలు)

అందరికీ దండాలు. ఇంకో చిన్న ప్రశ్న. ఇంకొక పాప అన్నమయ్య కీర్తన ఒకటి తీసుకుని దాని మీద వేరియేషన్లు కట్టింది. అన్నమయ్య 15వ శతాబ్దం మనిషి కాబట్టి దాన్ని సొంత కంపోజిషన్ అని రాసుకోవచ్చా?

---

టవర్‌క్లాక్ (అనంతపురం)

సాహిత్యం అన్నమయ్యది, దానికి హక్కుల గొడవ లేదు. కానీ ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. ఇప్పుడు జనం పాడుకునే చానా కీర్తనల వరసలు 20వ శతాబ్దంలో కట్టినవి. మన అనంతపురం జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు స్వరపరిచినవి ఎన్నో. ఆయన 1979లో పోయినారు. భారత కాపీరైట్ చట్టంలో హక్కు జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు, లెక్క పోయిన మరుసటి ఏడాది నుంచి. అంటే ఆ వరసలకు 2039 చివరిదాకా హక్కు ఉంటుంది. పాప తీసుకున్న వరస ఎవరిదో ముందు తేల్చుకోండి. ఆధునికులది అయితే అనుమతి కావాల. పైగా అది 'అరేంజ్‌మెంట్', సొంతం కాదు, స్కోరు మీద అట్లనే రాయాల.

త్యాగరాజు కృతి అయితే వరసతో సహా పాతది, ఆయన 1847లో పోయినారు. అప్పుడు కూడా 'త్యాగరాజు కృతి ఆధారంగా' అని రాసి కింద పాప పేరు పెట్టండి. సొంత కంపోజిషన్ అనే విభాగంలోకి అది రాదు. అన్నమయ్య సాహిత్యానికి పాపే కొత్త వరస కట్టి, దాని మీద వేరియేషన్లు రాస్తే అప్పుడు సంగీతం అంతా తనదే.

పిల్లోడి హిందోళానికి వేరే రిజిస్ట్రేషన్ ఏమీ తప్పనిసరి కాదు, రాసి పెట్టినప్పుడే హక్కు వచ్చేస్తుంది. తేదీతో పీడీఎఫ్ మీకు మీరే మెయిల్ చేసుకుని ఉంచుకోండి. దరఖాస్తులో వీడియో, రికార్డింగు హక్కులు నిర్వాహకులవి అనే వాక్యం ఉందేమో చూడండి. రికార్డింగు వాడుకునేది ఒకటి, కంపోజిషన్ మీద హక్కు రాసిచ్చేది ఇంకొకటి. రెండోది అడిగితే సంతకం పెట్టొద్దు.

---

పెన్నాగట్టు (కడప)

మొదటి రౌండు వీడియో అయితే ఒక మాట. ఒకే టేకు, కోత లేకుండా, చేతులు, ముఖం రెండూ కనపడాల. ఫోను కుడిపక్క, కూర్చున్నవాడి చెవి ఎత్తులో, ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో. ఫ్యాన్ ఆపేయాల. కర్నూలు ఎండకు మధ్యాహ్నం అది సాధ్యం కాదు కాబట్టి తెల్లారుజామున అయిదున్నరకు పెట్టుకోండి, బండ్ల చప్పుడు కూడా ఉండదు. ఫోను రికార్డింగులో శబ్దం స్థాయి దానంతటదే సర్దుకునేది ఉంటే ఆపేయండి, లేకపోతే మెల్లగా వాయించింది గట్టిగా, గట్టిగా వాయించింది మెల్లగా అయిపోయి పిల్లోడు పడిన కష్టమంతా కనపడకుండా పోతుంది. ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉందా అని రికార్డు నొక్కే ముందు ఒకసారి చూడండి.